అగ్నిమాపక దళము – దాని సాధనములు – మన గ్రామములు

‘ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు’ అను సామెతను ఎరుగని తెలుగువారుండరు. ఈ సామెత పుట్టిన నాటికి ఫైరింజను లేదు, టెలిఫోను లేదు, మంటలార్పుటకై జీతమిచ్చి నియమించిన దళమును లేదు. నేడు ఇవన్నియు ఉన్నవి. అయినను ఆ సామెత పాతబడలేదు. ఫైరింజను ఎంత పెద్దదైనను తనకు కావలసిన నీరంతయు తాను తెచ్చుకొనలేదు. ఎంత వేగముగ వచ్చినను మంట పుట్టిన క్షణముననే మన వాకిట నిలువలేదు. ఆ నీటిని, ఆ వ్యవధిని సమకూర్చవలసినది గ్రామమే. అగ్నిమాపక దళము ఎట్లేర్పడినదో, దాని సాధనములు ఎట్లు పనిచేయునో తెలిసికొనినచో ఈ సంగతి తేటపడును. విజయవాడ నగరము, కృష్ణా డెల్టా గ్రామములు ఇందుకు మంచి ఉదాహరణములు.

నిప్పునకు మూడు ఆధారములు

నిప్పు నిలుచుటకు మూడు వస్తువులు కావలయును: కాలునట్టి పదార్థము, గాలిలోని ప్రాణవాయువు, తగినంత వేడిమి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని తొలగించినను మంట ఆరిపోవును. నీరు పోసినచో వేడిమి తగ్గును. గోనెపట్టా తడిపి కప్పినచో గాలి ఆడదు. కాలుచున్న ఇంటికి ప్రక్కనున్న పాకపై తాటాకు లాగివేసినచో మంటకు మేత దొరకదు. అగ్నిమాపక దళము వాడు సాధనములన్నియు, బిందె మొదలుకొని నురుగు యంత్రము వరకు, ఈ మూడు ఉపాయములలో ఏదో ఒకదానికి చెందినవే.

పూర్వకాలపు కట్టుబాట్లు

అగ్ని భయము క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరపాలనమును గూర్చిన భాగములో దీనికై విపులమైన నియమములున్నవి. వేసవిలో మిట్టమధ్యాహ్నపు వేళ నిప్పు రాజేయరాదనియు, ప్రతి ఇంటివారును నీటి కుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలు తిత్తి సిద్ధముగ ఉంచుకొనవలెననియు అందు చెప్పబడినది. నిప్పుతో పనిచేయు వృత్తులవారు ఒకే చోట నివసింపవలెను. వీధులలోను, కూడళ్లలోను నీటి కుండలు వేలకొలదిగ బారులు తీర్చి ఉంచవలెను. ఇల్లు అంటుకొనినప్పుడు పరుగెత్తి రాని ఇంటి యజమానికి జరిమానా విధింపవలెను. ఆ జాబితాలోని వస్తువులు నేటికిని పల్లెటూరి ఇండ్లలో దొరకునవే. నిప్పునార్పుట ఒక్కరి పని కాదు, ఊరందరి విధి అను భావము మన దేశమున అంత పాతది.

రోమునగరమున అగస్టసు చక్రవర్తి క్రీ. శ. 6వ సంవత్సరమున రాత్రివేళ గస్తీ తిరుగుచు మంటలార్పు దళమును ఏర్పరచెను. వారి ముఖ్య సాధనములు కూడ బక్కెట్లు, గొడ్డళ్లు, కొక్కెములే. అంతకు మునుపే అలెగ్జాండ్రియాలో చేతి పంపు కనుగొనబడినను, నీటిని దూరమునకు కొనిపోవు మెత్తని గొట్టము లేకపోవుటచే అది అంతగా అక్కరకు రాలేదు.

తోలు గొట్టము నుండి మోటారు ఇంజను వరకు

1666వ సంవత్సరము సెప్టెంబరులో లండను నగరమున ఒక రొట్టెల దుకాణములో పుట్టిన మంట నాలుగు దినములు రగిలి నగరములో అధిక భాగమును బూడిద చేసినది. ఆ ఇండ్లు కొయ్యవి, వీధులు ఇరుకు, గాలి బలముగ వీచుచుండెను. ఈ విపత్తు తరువాతనే ఆ నగరమున ఇటుకతోను రాతితోను ఇండ్లు కట్టవలెనను నియమము బలపడినది. అగ్ని భీమా సంఘములు ఏర్పడి తమ సొంత దళములను పోషించినవి.

సుమారు అదే కాలమున, 1670వ దశకమున, ఆంస్టర్‌డాం నగరమున యాన్ వాన్ డెర్ హైడెన్ అను చిత్రకారుడు తోలుతో కుట్టిన గొట్టమును పంపునకు తగిలించి వాడుకలోనికి తెచ్చెను. చూచుటకు ఇది చిన్న మార్పు. కాని దీనివలన మనిషి బక్కెట్టు పట్టుకొని మంట దగ్గరకు పోవుటకు బదులు నీరే మంట దగ్గరకు పోవ నారంభించినది. 1824లో ఎడింబరో నగరమున జేమ్సు బ్రెయిడ్‌వుడ్ తగిన శిక్షణ పొందిన పురపాలక దళమును నడపి, దూరము నుండి నీరు చల్లుట చాలదనియు, భవనము లోపలికి పోయి మంట మూలమున కొట్టవలెననియు నేర్పెను. తరువాత ఆయన లండను దళమునకు నాయకుడై, 1861లో ఒక గిడ్డంగి మంటలలో గోడ కూలి మరణించెను.

1829లో ఆవిరితో నడచు పంపు వచ్చినది. ఇరువదిమంది మనుషులు చేతులతో త్రొక్కి కొట్టు పనిని అది ఒక్కటియే చేయగలిగినది. అయితే దానిని గుర్రములు లాగవలెను; నీరు మరగువరకు వేచియుండవలెను. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో మోటారు ఇంజను వచ్చిన పిమ్మట బండిని నడపు ఇంజనే పంపును కూడ త్రిప్పసాగినది. ఈ చరిత్రనంతటిని ఒక్కసారి చూచినచో ప్రతి క్రొత్త సాధనమును రెండింటినే తగ్గించినదని తెలియగలదు: నీటికిని మంటకును మధ్యనున్న దూరము, మంట పుట్టుటకును నీరు చేరుటకును మధ్యనున్న కాలము.

మద్రాసు నుండి బెజవాడకు

విజయవాడ నాడు బెజవాడగ మద్రాసు రాజధానిలో ఉండెను. 1855 నాటికి కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియై కాలువలు పారుటతో ఇది డెల్టాకు తలవాకిలి అయినది. 1888లో పురపాలక సంఘమేర్పడినది. రైలు మార్గములు కలిసి పెద్ద జంక్షను కాగా ధాన్యము, పొగాకు, ప్రత్తి, కలప మున్నగు సరకుల నిల్వలు పెరిగినవి. ఇంద్రకీలాద్రి పాదమున పాత పట్టణపు ఇరుకు సందులలో ఇండ్లును దుకాణములును క్రిక్కిరిసినవి. సరకు, జనము, ఇరుకు దారి మూడును ఒక్కచోట కూడినచో అగ్నికి అంతకంటె అనుకూలమైన స్థలముండదు.

మద్రాసు నగరమునకు 1908లో అగ్నిమాపక దళమేర్పడినది. అయితే జిల్లా పట్టణములకు ఈ సేవ వ్యాపించినది రెండవ ప్రపంచ యుద్ధకాలముననే. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. శత్రువు ఆకాశము నుండి ఒకేసారి పలుచోట్ల నిప్పు పెట్టగలడని తీరాంధ్ర ప్రజలు కన్నులార చూచిరి. ఆ కాలపు ముఖ్య సాధనము ట్రెయిలరు పంపు. ఇది రెండు చక్రముల బండిపై బిగించిన పంపు. ఏ లారీకైనను, ఏ కారుకైనను తగిలించి లాగుకొనిపోవచ్చును. దిగిన పిమ్మట మనుషులే నెట్టి చెరువు గట్టుకు చేర్పవచ్చును. యుద్ధము ముగిసిన తరువాత కూడ ఇది చిరకాలము దళములకు సేవ చేసినది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడగా ఈ ప్రాంతపు కేంద్రములు క్రొత్త రాష్ట్రమునకు సంక్రమించినవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణముతో తెలంగాణ ప్రాంతపు దళము కూడ వీనితో కలిసినది. 1999లో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవా చట్టము వచ్చినది. 2014లో రాష్ట్ర విభజన జరుగగా దళము మరల రెండైనది. ఇప్పుడు ఆంధ్రప్రదేశమున ఈ శాఖకు విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ అని పేరు. పేరులో విపత్తు అను మాట చేరుట ఊరక జరిగినది కాదు. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

దళము వారికి ఒక స్మరణ దినము కలదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో దూది బేళ్లును, మందుగుండు సామగ్రియు ఎక్కించిన ‘ఫోర్ట్ స్టికిన్’ అను ఓడ అంటుకొని పేలినది. మంటనార్పుచు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములర్పించిరి. నాటి జ్ఞాపకార్థము ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. మన ప్రాంతమున వేసవి ముదురునదియు ఆ దినములలోనే.

ఫైరింజనులో ఏముండును?

ఎర్రని బండి గంట మ్రోగించుచు పోవుట అందరును చూచియుందురు. దాని కడుపులో ముఖ్యముగ ఉండునది నీటి తొట్టి. సాధారణపు బండిలో అది సుమారు 4,500 లీటర్లు పట్టును. పదునైదు లీటర్ల బిందెలతో లెక్కించినచో ఇది 300 బిందెల నీరు. ఇది చాల ఎక్కువ అనిపించును. కాని నిమిషమునకు 450 లీటర్లు చిమ్ము ధార ఒక్కటి విడిచినచో పది నిమిషములలో తొట్టి ఖాళీ అగును. రెండు ధారలు విడిచినచో ఐదు నిమిషములే. అందుచే బండి వచ్చిన వెంటనే సిబ్బందిలో ఒకరు మంటవైపు చూచినచో, వేరొకరు నీరెక్కడనని చూచుదురు.

చెరువు నుండి గాని, కాలువ నుండి గాని నీరు లాగుటకు పీల్పు గొట్టము వేరుగ ఉండును. ధార విడుచు గొట్టము మెత్తని నేతది. చుట్ట చుట్టి ఉంచవచ్చును. పీల్పు గొట్టము మాత్రము లోపల తీగచుట్టు కలిగి గట్టిగ ఉండును. లేనిచో గాలి పీల్చినప్పుడు అది అణగిపోవును. పంపు మొదట గొట్టములోని గాలిని తీసివేయును. అప్పుడు బయటి గాలి తన బరువుచే చెరువు నీటిని అదిమి గొట్టములోనికి ఎక్కించును. కావున పంపు నీటిని లాగుచున్నదనుట కంటె గాలి నీటిని త్రోయుచున్నదనుట నిజము. గాలికి ఉన్న బలము పరిమితము. ఎంత గొప్ప యంత్రమైనను ఈ విధముగ పది మీటర్లకు పైన నీటిని ఎత్తజాలదు. వాడుకలో ఏడు మీటర్లకు మించి నమ్మరాదు. చెరువు లోతుగ ఎండిపోయి, గట్టు ఎత్తుగ ఉండి, బండి దూరమున నిలిచినచో కంటి ఎదుట నీరున్నను అది అందదు.

పీల్పు గొట్టము కొసను జల్లెడ బుట్ట ఒకటి ఉండును. ఆకులు, నాచు, గులకరాళ్లు లోపలికి పోకుండ అది కాపాడును. మన కాలువలలో అల్లుకొనిన గుర్రపుడెక్క ఈ బుట్టను మూసివేసినచో ధార ఆగిపోవును. గుర్రపుడెక్కను తొలగించుట సాగునీటికే కాక అగ్నిభద్రతకును మేలు.

వీనిగాక బండిలో నిచ్చెనలు, గొడ్డళ్లు, పారలు, త్రాళ్లు, ఇనుప కోతపనిముట్లు, పొగలో ఊపిరి తీసికొనుటకు వీపున తగిలించుకొను గాలి సిలిండర్లు ఉండును. చమురు మంటలకు నురుగు కావలయును. పెట్రోలు నీటికంటె తేలిక. నీరు పోసినచో నీరు అడుగునకు పోయి, పెట్రోలు పైకి తేలి మండుచునే ప్రవహించును. నురుగు దుప్పటివలె పైన పరచుకొని గాలిని ఆపును. విజయవాడకు సమీపమున కొండపల్లివద్ద చమురు నిల్వ కేంద్రములు ఉండుటచే ఈ సాధనము ఇచ్చట అత్యవసరము. విద్యుత్తు ప్రవహించుచున్న చోట నీటిధార ప్రాణాంతకము కాగలదు. అచ్చట పొడి మందును, బొగ్గుపులుసు వాయువును వాడుదురు.

నీటి నడుమ నీటి కొరత

విజయవాడ నడుమనుండియే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవిసు కాలువ పారుచున్నవి. డెల్టాలో ఏ ఊరికి పోయినను కాలువయో, పంట బోదెయో, చెరువో కనబడును. ఇట్టి సీమలో మంటకు నీటి కొరతయా అని ఎవరికైనను తోచవచ్చును. కాని డెల్టా పంచాంగమును చూడుడు. రబీ పంట చేతికి వచ్చిన పిమ్మట, వేసవిలో కాలువలు కట్టివేయుదురు. త్రాగునీటి చెరువులు నింపుకొనుటయు, లాకులు, గట్లు బాగుచేయుటయు ఆ దినములలోనే. సరిగ అదే సమయమున తాటాకు కప్పులు ఎండి గలగలలాడుచుండును. గడ్డివాములు క్రొత్తగ వేసియుండును. పడమటి గాలి నిప్పులు చెరుగును. అనగా నిప్పు భయము హెచ్చుగ ఉన్న నెలలలోనే కాలువలో నీరుండదు. ఆ నెలలలో ఊరికి దిక్కు ఊరి చెరువే.

దీనికి కాలము లెక్క కూడ తోడగును. మచిలీపట్నము, గుడివాడ, అవనిగడ్డ, తెనాలి, రేపల్లె మున్నగు పట్టణములలో అగ్నిమాపక కేంద్రములు కలవు. ఒక గ్రామము కేంద్రమునకు 20 కిలోమీటర్ల దూరమున ఉన్నదనుకొందము. డొంకదారిని, కాలువ గట్టును గంటకు 40 కిలోమీటర్ల వేగమున వచ్చినను అరగంట పట్టును. తాటాకు పాక కూలిపోవుటకు అరగంట అక్కరలేదు. గాలి తిరిగినచో కాలిన ఆకు తునకలు ఎగిరి పాక వెనుక పాకపై పడును. కావున ఫైరింజను ఆ మొదటి పాకను కాపాడుటకు సాధారణముగ రాజాలదు. మిగిలిన పేటను కాపాడుటకు వచ్చును. మొదటి పది నిమిషములు ఊరివే. అవి చేజారినచో ఎంతటి యంత్రమైనను బూడిదపై నీరు చల్లవలసినదే.

మారిన కాలము, మారిన ప్రమాదములు

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత పక్కా ఇండ్ల నిర్మాణమునకు ప్రాధాన్యము పెరిగినది. 1999లో దీపం పథకము వచ్చి పేద కుటుంబములకును వంటగ్యాసు అందసాగినది. పొయ్యిలోని నిప్పురవ్వ భయము కొంత తగ్గినది. దానికి మారుగ గ్యాసు గొట్టము పగుళ్లు, పాతబడిన విద్యుత్తు తీగలు, ఒకే ప్లగ్గుకు తగిలించిన పలు యంత్రములు క్రొత్త భయములైనవి.

2004 జులై 16న పొరుగు రాష్ట్రమగు తమిళనాడులోని కుంభకోణమున ఒక పాఠశాల వంటపాకలో పుట్టిన నిప్పు తరగతి గదుల తాటాకు కప్పునకు ప్రాకి 94 మంది పసిబిడ్డలను బలిగొన్నది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రముగ మార్చిన ఒక హోటలులో మంటలు లేచి పదిమంది మరణించిరి. ఒకటి పాక, రెండవది మేడ. ఇట్టి ప్రమాదములలో మంటకంటె ముందుగ పొగ కమ్మును, మెట్లదారి కనబడదు, జనము ఊపిరాడక పడిపోవుదురు. బడి కాని, ఆసుపత్రి కాని, కల్యాణ మండపము కాని, బయటపడుటకు రెండు దారులు లేని చోట నలుగురిని చేర్చుట తగదు.

మంట లేని పిలుపులు

నేడు అగ్నిమాపక దళమునకు వచ్చు పిలుపులన్నియు మంటలకొరకే కావు. బావిలో పడిన పశువులు, రోడ్డు ప్రమాదమున ఇనుప రేకుల నడుమ చిక్కిన మనుషులు, కూలిన చెట్లు, వరదలు, ఇవి కూడ వారి పనులే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో అజిత్‌సింగ్ నగర్ మున్నగు పేటలు మునిగిపోయినవి. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజివద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహము నమోదైనది. నీరు తీసిన పిమ్మట ఇండ్లలోను, వీధులలోను బురద పేరుకొనగా, మంటలార్పవలసిన ఫైరింజనులే వచ్చి నీటిధారలతో ఆ బురదను కడిగినవి. శాఖ పేరులో విపత్తు అను మాట చేరుటలోని అర్థము ప్రజలకు అప్పుడు ప్రత్యక్షముగ తెలిసినది.

గ్రామము చేయవలసినది

ఈ క్రింది పనులకు పెద్ద ధనము అక్కరలేదు; ముందుచూపు మాత్రము కావలయును.

1. కాలువలు కట్టివేయుటకు ముందే ఊరి చెరువు నింపుకొనవలెను. చెరువు గట్టునకు ఒక ప్రక్క బండి నిలుచుటకు గట్టి చోటు ఉంచవలెను. బండిలోని నీటి బరువే నాలుగున్నర టన్నులు. దారిలోని తూములు ఆ భారమును మోయగలవో లేదో పంచాయతీవారు వేసవికి ముందే చూడవలెను.

2. గడ్డివాములను ఇండ్లకును, విద్యుత్తు తీగలకును దూరముగ వేయవలెను. వాము చుట్టును ఎండుగడ్డి లేకుండ ఊడ్చి ఉంచవలెను.

3. వంట ముగియగనే పొయ్యిలో నీరు చల్లి ఆర్పవలెను. బూడిదలో నిప్పు దాగియుండును. దానిని నీటితో తడిపిన తరువాతనే పారవేయవలెను. బీడీ, చుట్ట ముక్కలను వాముల దగ్గర విసరరాదు.

4. ప్రతి పేటలోను ఒక నిచ్చెన, రెండు పొడవాటి దోటులు, కొన్ని గోనె సంచులు, ఇసుక నింపిన బక్కెట్లు అందరికి తెలిసిన చోట ఉంచవలెను. గాలి వాలున ఉన్న పాకల కప్పును దోటితో లాగివేయుట ఒక్కొక్కప్పుడు వంద బిందెల నీటికి సమానము.

5. మంట కనబడగనే 101 నంబరునకు గాని, 112 నంబరునకు గాని ఫోను చేయవలెను. తామే ఆర్పుకొనగలమని ఆలస్యము చేయరాదు. ఊరి పేరు, మండలము, దారి గుర్తు, ఏమి కాలుచున్నది, లోపల ఎవరైన చిక్కిరా అను సంగతులు నిదానముగ చెప్పవలెను. పెద్దరోడ్డు మలుపువద్ద దారి చూపుటకు ఒకరు నిలువవలెను.

6. మొదట మనుషులు, తరువాత పశువులు, ఆ పిమ్మటనే సామాను. పశువుల పలుపులు కోసి వదలవలెను. విద్యుత్తు సిబ్బందికి చెప్పి సరఫరా నిలిపిన తరువాతనే నీరు పోయవలెను.

7. బాణలిలో నూనె అంటుకొనినచో నీరు పోయరాదు. పొయ్యి ఆపి, మూత పెట్టవలెను. బట్టలంటుకొనినవారు పరుగెత్తరాదు, నేలపై దొర్లవలెను, ఇతరులు కంబళి కప్పవలెను. కాలిన చోట చల్లని నీటిధార ఇరువది నిమిషములు పోసి, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. పేస్టు, సిరా మున్నగునవి పూయరాదు.

పూర్వము ఇల్లు కాలినప్పుడు ఊరివారందరు బిందెలతో బారులు తీరెడివారు. ఇప్పుడు ఇంజను వచ్చినది కదా అని ఆ అలవాటు మరువరాదు. దళమువారు తమ ప్రాణములకు తెగించి వచ్చుచున్నారు. వారు వచ్చునప్పటికి చెరువులో నీరు, గట్టుపై దారి, మలుపువద్ద మనిషి సిద్ధముగ ఉంచుట మన వంతు. ఈ వైశాఖమునకు ముందే మీ ఊరి పెద్దలు ఒక సాయంకాలము చెరువు గట్టున కూడి, ఫైరింజను ఎచ్చట నిలుచును, ఏ దారిని వచ్చును, ఎవరు ఫోను చేయుదురు అను మూడు ప్రశ్నలకు సమాధానము నిర్ణయించుకొందురుగాక. ఇల్లు కాలక మునుపే బావి త్రవ్వుట అనగా అదియే.